పొట్లం ముడి

ఐ.పి. పెట్టినవాడు ఎక్కడో నాలుగు డబ్బులు నొక్కేసే ఉంటాడని మనవాళ్ళకి గట్టి నమ్మకం. కోర్టుకి పోయి చేతులెత్తేస్తే చాలు, వాడి పెరట్లో పాతర ఉందనీ, పెళ్ళాం పేరున పొలం ఉందనీ చెప్పేవాళ్ళు పుట్టుకొస్తారు. మా బావ జగన్నాధం గురించి కూడా చెప్పారు. వాళ్ళ నోళ్ళు పడిపోను. ఆయన దగ్గర ఏముందో, ఏం లేదో నాకు తెలుసు. కోర్టు మెట్లెక్కినప్పుడల్లా ఆయన పక్కన కాగితాల సంచీ మోసింది నేనే.

బావ మా అక్క పార్వతీదేవి భర్త. కోటబొమ్మాళి సంత వీధిలో కిరాణా కొట్టు ఉండేది. ఉప్పు, చింతపండు, మిరపకాయలు, కిరసనాయిలు. వాటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. ఎదురింటివాడు గోగునార కొని రైల్లో పంపి మేడ కట్టాడు. అది చూసి ఈయనకీ నార పిచ్చి పట్టింది. విజయనగరం షావుకారు దగ్గర అప్పు, చుట్టుపక్కల రైతుల దగ్గర అరువు సరుకు. అరవై ఎనిమిదిలో ధర పడిపోయింది. ఇవాళ లేస్తుంది, రేపు లేస్తుంది అని గోదాములో ఉంచాడు. వానకి పైకప్పు కారి నారంతా తడిసి నల్లబడింది. ముక్కు మూసుకుంటే తప్ప లోపలికి పోలేకపోయేవాళ్ళం. ఇంక దాన్నెవడు కొంటాడు?

ఆ తర్వాత బావ వీధి గుమ్మంలోంచి బయటికి రావడం మానేశాడు. పెరటి దారిన పోయి పెరటి దారినే వచ్చేవాడు. ఏటా రథసప్తమికి అరసవల్లి పోయే మనిషి, ఆ ఏడు ఒంట్లో బాగులేదని పడుకున్నాడు. మా పినతండ్రి కొడుకు పెళ్ళిలో బంతిలో కూర్చోలేదు. నీళ్ళ చెంబు పట్టుకుని వడ్డించేవాళ్ళ వెనక తిరిగాడు. "అప్పిచ్చినోళ్ళు ఎదురుగుండా తింతంటే నేను విస్తరి ముందు ఎలా కూకుంటానురా మూర్తీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పుపడినవాడు అన్నం తినకూడదని ఎక్కడ రాసుంది?

చివరికి నేనే అక్కనీ బావనీ వెంటబెట్టుకుని శ్రీకాకుళంలో వకీలు నరసింగరావు గారి దగ్గరికి తీసుకుపోయాను. బావ బెంచీ చివర సగం మీద కూర్చున్నాడు. నోరు విప్పింది అక్క.

"పుస్తెలు కూడా తీసేస్తారేటండీ?"

"పుస్తెలు ముట్టుకోరమ్మా. కట్టుబట్టలు, వండుకునే గిన్నెలు, పరుపులు వదిలేస్తారు. ఇల్లు, కొట్టు, గోదాము మాత్రం కోర్టు వేసే రిసీవరు చేతికి పోతాయి. అమ్మగా వచ్చింది అప్పులవాళ్ళందరికీ వాటాల ప్రకారం పంచుతారు."

"ఈయన్ని జైల్లో పెడతారని మా వీధిలో అంటన్నారండీ."

"అలా జరక్కుండా ఉండడానికే కదమ్మా ఈ పిటిషను. దాపరికం లేకుండా అన్నీ చెప్పినంతకాలం కోర్టు కాపాడుతుంది."

మళ్ళీ వ్యాపారం చేసుకోవచ్చా అని నేనడిగాను. కోర్టు విడుదల ఇచ్చేదాకా, ఫలానా నేను దివాలా తీసినవాణ్ణి అని చెప్పకుండా ఎవరి దగ్గరా అప్పు తేకూడదనీ, ఆ తర్వాత ఆయన ఇష్టమనీ వకీలు గారన్నారు. అప్పుడు బావ తలెత్తాడు.

"గెజిట్లో పేరేస్తారంట కదండీ. ఇంటిపేరుతోనే ఏస్తారా?"

వకీలు గారు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆపుకున్నారు. "ఇంటిపేరుతోనే వేస్తారు. ఫలానావారి కుమారుడు అని కూడా వేస్తారు."

"మా నాన్న పోయి పదేళ్ళయిందండీ. ఆయన పేరెందుకండీ ఇందులోకి" అని బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని చాలాసేపు కండువా దించలేదు.

వకీలు గారు ఆఖరున ఒక ప్రశ్న వేశారు. ఈ మూడు నెలల్లో ఎవరి అప్పైనా విడిగా తీర్చారా అని. మిగతావాళ్ళని వదిలేసి ఒక్కరికే తీరిస్తే అది చెల్లదనీ, ఆ సొమ్ము వెనక్కి రాబడతారనీ విడమర్చి చెప్పారు. బావ "లేదండీ" అన్నాడు. పిటిషను పడింది.

తీర్చాడు మహానుభావుడు. ఎవరికో చెప్తాను.

భావనపాడు నుంచి దేముడమ్మ అని ఒక పల్లెకారి మనిషి ఎండుచేపల గంపతో మా సంతకి వచ్చేది. ఇంట్లో డబ్బుంటే మొగుడు సారాకి పట్టుకుపోతాడని ఆమె మిగిలిన నాలుగు రాళ్ళూ బావ దగ్గర దాచుకునేది. మా కొట్లలో ఇది మామూలే. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. పాత చీర ముక్కలో డబ్బు పెట్టి, వల అల్లే దారంతో బిగించి కట్టి, "సావుకారు బాబూ, ఇది లోపలెట్టు" అనేది. బావ ఇనప్పెట్టెలో పెట్టేవాడు. ఎప్పుడో ఏ నాలుగైదు నెలలకో చేతిలో కాస్త మిగిలితే, మూట అడిగి తీసుకుని, తనే విప్పి, ఇంకొంత కలిపి, తనే కట్టి ఇచ్చేది. కొడుక్కి సొంత వల కొనాలని ఆమె ఆశ. వల ఉంటే వాడు ఒకరి పడవలో కూలికి పోనక్కర్లేదు.

పిటిషనుకి నెల ముందు, కొట్లో మిగిలిన సరుకు అయినకాడికి అమ్మేసి, బావ ఆమె మూట ఆమెకి ఇచ్చేశాడు. కోటబొమ్మాళి స్టేషన్లో, ఆమె రైలెక్కుతుండగా. వకీలు గారికి అది ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీస్తే, "అది అప్పు కాదురా, దాపు" అన్నాడు. ఆయన లెక్కలో అప్పు వేరు, దాపు వేరు. స్టేషన్లో చూసినవాడు ఊరుకుంటాడా? విజయనగరం షావుకారుకి చేరేశాడు. షావుకారు వకీలు కోర్టులో అర్జీ పెట్టాడు. దేముడమ్మకి నోటీసు వెళ్ళింది, డబ్బు తెచ్చి కట్టమని. వల ఇంకా కొనలేదు. మొగుడికి తెలియకుండా దాచుకున్న డబ్బు సంగతి బిళ్ళబంట్రోతు వాకిట్లో నిలబడి చదివి వినిపించాడట. ఆ మాట విన్న రోజు బావ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

నరసింగరావు గారు మామీద కేకలేశారు. కేకలేసి, ఒక దారి ఉందన్నారు. "ఆ మూట మీరు విప్పకుండా, మీ వ్యాపారంలో కలపకుండా ఉంచారా? ఉంచితే అది మీ సొమ్ము కాదు, ఆవిడదే. కోర్టు ముట్టుకోదు. విప్పి వాడుకుని ఉంటే మాత్రం ఆవిడా మిగతావాళ్ళలాగే వాటాకి నిలబడాలి. నిజమేదో అదే చెప్పండి."

విప్పి ఉండడని నేనే గట్టిగా చెప్పాను. ఈయన సిగ్గు తగలెయ్య, ఇప్పుడైనా నోరు తెరవడేమిటని విసుక్కున్నాను.

వాయిదా నాడు దేముడమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కొడుకుని కూడా తెచ్చుకుంది. వాడు గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావని బోనెక్కించారు. షావుకారు వకీలు అడిగాడు, మూట విప్పావా లేదా అని. బావ ఆ కుర్రాడి వంక చూశాడు. తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఇప్పలేదండీ."

తర్వాత దేముడమ్మ. నువ్విచ్చిన మూటే నీకు తిరిగొచ్చిందా, ఎలా కట్టింది అలాగే ఉందా అని అడిగారు. ఆమె తొందరపడలేదు. బావ వంక ఒకసారి చూసింది.

"అలగే ఉన్నాది బాబూ. నా గుడ్డే, నా ముడే. సావుకారు బాబు ముట్టుకోనేదు."

జడ్జిగారు షావుకారు అర్జీ కొట్టేశారు. దేముడమ్మ డబ్బు దేముడమ్మకి ఉండిపోయింది. నేను సంతోషం పట్టలేక బావని ఆవరణలో చెట్టు కిందికి లాక్కొచ్చి సోడా తాగించబోయాను. ఆయన తాగలేదు. ఇంతలో దేముడమ్మ మా వైపే వచ్చింది. కొడుకుని దూరంగా ఉండమని, బావ ఎదుట నిలబడింది.

"నువ్విప్పినావు బాబూ" అంది. గొంతు పెంచలేదు. "టేసన్లో నువ్విచ్చినప్పుడే తెల్సింది నాకు. అది మీ కొట్లో ఏసే పొట్లం ముడి. కొస లాగితే వొచ్చీసింది. నా ముడైతే పంటితో గానీ రాదు."

నేను బావ మొహంలోకి చూశాను. సోడా సీసా కింద పెట్టేశాను.

"నారకి తక్కువైతే తీసినాను" అన్నాడు బావ. "వారంలో ఎట్టీద్దామనుకున్నాను. ఎట్టలేకపోయాను. కొట్లో సరుకు అమ్మితే గానీ కూడలేదు."

"పైసా తక్కువ్నేదు. లెక్కెట్టుకున్నాను."

"మరి లోపల అలా ఎందుకు సెప్పినావు?"

"నిజం సెప్తే నా కొడుకు వల పోతాది, నీ మర్యాద పోతాది. రెండూ ఎందుకు పోవాల?" అని ఆమె చెట్టు మొదట్లో దించుకున్న గంప నెత్తికెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "అడిగితే ఇద్దును కదా బాబూ. నువ్వు అడక్కుండా తీసినావు. అదే నాకు బాధ."

ఆమె వెళ్ళిపోయింది. బావ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఇల్లు వేలానికి పోయిన నాడు గానీ, రిసీవరు మనుషులు ఇనప్పెట్టె మోసుకుపోయిన నాడు గానీ ఆయన ఏడవలేదు. ఆవేళ కోర్టు ఆవరణలో, అంతమంది గుమాస్తాలూ కక్షిదారులూ చూస్తుండగా, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేను ఊరుకోమనలేదు. నాకు కోపం కూడా వచ్చింది. నమ్మకంగా విప్పలేదని వకీలుకి చెప్పి నేనూ వెధవనయ్యానుగా.

టెక్కలిలో నా కొట్టుంది. ఇల్లు పోయాక అక్కనీ బావనీ అక్కడికే తెచ్చుకున్నాను. బావ కొట్లో పనికి కూర్చున్నాడు. తూకంలో చెయ్యి తిరిగిన మనిషి, కాగితం మడిచాడంటే పప్పుగింజ జారదు. కానీ పొట్లానికి దారం చుట్టి, కొస నా చేతికిచ్చేవాడు. ముడి నన్నే వేయమనేవాడు. బేరాలు ముంచుకొచ్చిన వేళ ఈ వేషం చూసి నేను విసుక్కునేవాణ్ణి. ఆయన మాత్రం వేసేవాడు కాడు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం దేముడమ్మ మా కొట్టు ముందు గంప దించింది. బావ లోపలికి పోబోయాడు. దారిలో మిరప బస్తా అడ్డం ఉండడంతో పోలేకపోయాడు.

"బాగున్నావా సావుకారు బాబూ" అంది. కొడుకు వల కొన్నాడనీ, ఈ ఏడు రొయ్య బాగా పడిందనీ చెప్పింది. వీశెడు ఎండుమిరపకాయలు అడిగింది. బావ తలెత్తకుండా తూచాడు, కాగితంలో పోసి మడిచాడు, దారం చుట్టాడు. నేను ఆ చివర్న కిరసనాయిలు కొలుస్తున్నాను. ఆయన కొస పట్టుకుని నావైపు చూశాడు. నా రెండు చేతులూ నూనె.

"ముడెయ్యవేటి?" అంది దేముడమ్మ.

బావ కొస వేలికి చుట్టుకున్నాడు. ఆమె ఆ కొస వంక చూసింది. ఎందుకో తెలిసింది కాబోలు, ఇంకేమీ అడగలేదు.

"ఇటియ్యి" అని పొట్లం తీసుకుని, తనే ముడివేసి, కొస పంటితో లాగి బిగించి గంపలో వేసుకుంది. డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. బావ దారపు ఉండ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక ఇద్దరు పప్పు కోసం నిలబడి ఉంటే, చేతులు తుడుచుకుని వచ్చి నేనే తూచాను.