ఖాళీ గది తీర్మానం

1976 ఆగస్టు, రెండో సోమవారం, మధ్యాహ్నం. హాజరైనవారు: సర్పంచ్, నలుగురు వార్డు సభ్యులు, బస్సు డిపో నుంచి వచ్చిన అధికారి, పంచాయతీ గుమాస్తాగా నేను.

ఆనాటి డైరీలో ఇంతే రాసుకున్నాను. గుమ్మం బయట మా ఊరి కావలికారు కూడా కూర్చుని ఉన్నాడు. అతన్ని నేను ఎన్నడూ హాజరులో రాయలేదు. రాత్రి కర్ర పట్టుకొని వాడలన్నీ తిరగడం, పగలు డప్పు కొట్టి పంచాయతీ మాట చాటడం అతని పని.

మాది ఆసిఫాబాద్ తాలూకాలో అడవి అంచున ఉన్న ఊరు. బస్సు సాయంత్రం వచ్చి, వచ్చినట్టే తిరిగిపోయేది. పొద్దున ఆసుపత్రికో కచేరీకో పోవాలంటే పెద్ద రోడ్డు దాకా నడవాల్సిందే. బస్సు రాత్రి మా ఊళ్లో ఆగి తెల్లవారి బయలుదేరాలని అర్జీల మీద అర్జీలు రాసింది నేనే. అధికారి ఒప్పుకున్నాడు గానీ రెండు షరతులు పెట్టాడు. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి వానకు కురవని గది ఒకటి కావాలి. బస్సుకు రాత్రి కాపలా ఉండాలి.

పంచాయతీ చేతిలో అలాంటి గది ఒక్కటే, ఆఫీసు వెనకాలది. అందులో కావలికారు, అతని భార్య పన్నెండేళ్లుగా ఉంటున్నారు. వెనకటి సర్పంచ్ నోటిమాటగా ఉండమన్నాడు. కాగితం లేదు. ఆ కాగితం కోసం అతను నన్ను మూడుసార్లు అడిగాడు. మూడోసారి ఒక సొరకాయ తెచ్చాడు. తీర్మానాల పుస్తకంలో ఒక్క వరుస రాసి సభ్యుల చేత సంతకాలు పెట్టిస్తే సరిపోయేది. వచ్చే మీటింగులో చూద్దామన్నాను. సొరకాయ మాత్రం తీసుకున్నాను.

సర్పంచ్ కావలికారును చాయ్ తెమ్మని పంపి, నా వైపు తిరిగాడు.

"రికార్డుల ఆ ఎనకాల అర్ర ఎవరి పేరు మీదున్నది?"

"రికార్డుల ఖాళీ" అన్నాను.

అబద్ధం కాదు. ఆ వరుస ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో చెప్పలేదు, అంతే. చెప్పి ఉంటే వేరే దారి వెతికేవారేమో. ఒక సభ్యుడి ఇంటి ముందు పెంకుల గదిలో పత్తి బస్తాలు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. ఆ సభ్యుడే అన్నాడు:

"రాత్రంత బస్సు కాడ్నే కావలుంటడాయె. ఇగ వానికి అర్రెందుకు?"

అందరూ నవ్వారు. 'గది ఖాళీగా ఉన్నందున బస్సు సిబ్బందికి ఇవ్వడమైనది' అని తీర్మానం రాస్తూ నేనూ నవ్వాను.

అతను చాయ్ తెచ్చేసరికి సంతకాలు అయిపోయాయి. నాకు గ్లాసు అందిస్తూ, "బస్సు రాత్రి మనూర్లనే పండుతదా సారూ?" అని మెల్లగా అడిగాడు. పండుతది అన్నాను. సర్పంచ్ చాటింపు వేయమన్నాడు. ఏం చాటాలో చెప్పాల్సింది నేను. బస్సు సంగతి చెప్పాను. గది సంగతి రేపు చెబుదామనుకున్నాను. పొద్దుగూకే దాకా డప్పు వినిపిస్తూనే ఉంది. ఈ రోజు మంచి ఊపు మీదున్నాడని మా ఇంట్లో అన్నారు.

మంగళవారం పొద్దున్నే, ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకుంటూ ఆఫీసు వెనక్కి పోయాను. చాపలు, సత్తు గిన్నెలు, ఒక రేకు పెట్టె అప్పటికే బయట వేపచెట్టు కింద ఉన్నాయి. అతని భార్య గది లోపల పేడతో నేల అలుకుతోంది. నేను వచ్చినా తల ఎత్తలేదు. పెట్టె పక్కన నిలబడ్డ కావలికారు చెప్పాడు: రాత్రి గస్తీ తిరుగుతుంటే ఆ పత్తి బస్తాల సభ్యుడే అరుగు మీద నుంచి పిలిచి గది సంగతి చెప్పాడట.

బస్సు రాత్రి ఆగేది గురువారం నుంచి కదా, అంత తొందరేముంది అన్నాను. ఎక్కడ ఉంటారని అడిగాను. బామ్మర్ది పశువుల కొట్టంలో అన్నాడు. తర్వాత తాళంచెవి నా ముందుకు చాపాడు.

"ఖాళీ అని రాసినవట గద సారూ. నీ రాత తప్పు గావద్దని ఎల్లిపోతున్నం. లోపటికి పోయి సూస్కో."

అలికిన నేల ఇంకా తడిగా ఉంది. తాళంచెవి తీసుకొని గడప ఇవతలే నిలబడ్డాను.