సామ్యూల్ బదులు వాటర్లూకి

ఆదివారం ఉదయం ఒషావాలో ఎనిమిది గంటల రైలెక్కాను. మార్చి నెల, ప్లాట్‌ఫారం అంచున ఇంకా మంచు నల్లగా గడ్డకట్టి ఉంది. పది డాలర్ల వారాంతపు పాస్ తీసుకుంటే ఆ రోజంతా ఎన్ని రైళ్ళయినా, బస్సులయినా ఎక్కవచ్చు. వాటర్లూ వెళ్ళాలనుకునే విద్యార్థులకు ఇంతకంటే చవకైన దారి లేదు.

నిజానికి వెళ్ళవలసింది నేను కాదు, నా రూమ్మేట్ సామ్యూల్. నరసాపురం వాడు. చదువుకుంటూనే ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. అక్కడి భోజనాల గదిలో టీవీ చూసీ చూసీ బేస్‌బాల్ పిచ్చి పట్టించుకున్నాడు. చర్చి పిక్నిక్‌లో మోహన్ గారనే ఆయనతో పరిచయమై, గంటసేపు ఆట గురించే మాట్లాడితే, ఆయన ముచ్చటపడి తమ ఫాంటసీ లీగ్‌లో ఒక టీమ్ ఇచ్చారు. మన ఫాంటసీ క్రికెట్ లాంటిదే. కాకపోతే ఇక్కడ ఒక ఆటగాణ్ణి ఒకరు తీసుకుంటే ఇంకెవరికీ దక్కడు. అందరూ ఒకచోట కూర్చుని, వంతుల ప్రకారం ఎంచుకోవాలి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఎనిమిది టీముల్లో మా వంతు మూడోది.

ఆ ఆదివారం సామ్యూల్‌కి సెలవు దొరకలేదు. "నేను వెళ్తాలేరా" అన్నాను. అతని మీద ప్రేమతో అన్నానని అతను అనుకున్నాడు. మోహన్ గారు వాటర్లూలో పెద్ద సాఫ్ట్‌వేర్ మేనేజర్. చదువులో భాగంగా కొన్ని నెలలు చేయాల్సిన కో-ఆప్ ఉద్యోగం నాకు ఎక్కడా రావడం లేదు. అసలు కారణం అది.

తొమ్మిదీ పదికి యూనియన్ స్టేషన్. అక్కడ కాఫీ తాగి బ్రామలీ రైలెక్కాను. ఆదివారాలు కిచెనర్ దాకా నేరుగా రైలు లేదు, బ్రామలీలో దిగి బస్సు మారాలి. బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఎవరెవర్ని తీసుకోవాలో సామ్యూల్ రాసిచ్చిన కాగితం నా చేతిలో చూసి, "బేస్‌బాల్ చూస్తావా?" అని ఇంగ్లీషులో అడిగింది. చూస్తానన్నాను. "షార్ట్‌స్టాప్ ఎక్కడ నిలబడతాడో చెప్పు మరి" అంది నవ్వుతూ. నాకు తెలియలేదు. ఆవిడ కిటికీ అద్దం మీది ఆవిరిలో వేలితో మైదానం గీసి, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఒక చుక్క పెట్టింది. గ్వెల్ఫ్‌లో దిగిపోయింది.

ఆ కాగితం మీద మొదటి వరుసలో సామ్యూల్ ఇద్దరి పేర్లు రాశాడు. ఒకరు హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, బాదడంలో దిట్ట. ఇంకొకరు షార్ట్‌స్టాప్. ఇద్దరూ పెద్ద స్టార్లే. ముందు రోజు రాత్రి అన్నం తింటూ పదిసార్లు చెప్పాడు: "ఇద్దరూ మిగిలితే షార్ట్‌స్టాప్‌నే తియ్. దూరం కొట్టేవోళ్ళు తర్వాతైనా దొరుకుతారు. కొట్టడం, పరిగెత్తడం రెండూ ఉన్నోడు మళ్ళీ దొరకడు." నెల రోజులు షిఫ్టు నుంచి వచ్చి కూర్చుని వేసిన లెక్క అది.

పన్నెండుకి కిచెనర్. అక్కణ్ణించి లైట్ రైల్లో ఇరవై నిమిషాలు, తర్వాత పది నిమిషాల నడక. మోహన్ గారి బేస్‌మెంట్‌లో పొడుగాటి బల్ల, గోడ మీద పెద్ద టీవీ. అందరూ ఆయన స్నేహితులే, ఒక టీమ్ మాత్రం పన్నెండేళ్ళ కూతురిది. ఒంటిగంటకి డ్రాఫ్ట్ మొదలైంది. మొదటి ఇద్దరూ వేరేవాళ్ళను తీసుకున్నారు. నా వంతు వచ్చేసరికి సామ్యూల్ చెప్పిన ఇద్దరూ మిగిలే ఉన్నారు. నాకు ఒక్క నిమిషం టైం.

నా తర్వాతి వంతు మోహన్ గారిది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఏం బాబూ, షార్ట్‌స్టాప్‌ని నాకు వదిలేస్తావు కదూ?" అన్నారు. బల్ల చుట్టూ నవ్వులు.

నేనూ నవ్వాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఫోన్‌లో, లీగ్ యాప్‌లో హోమ్ రన్ల వాడి పేరు మీద నొక్కాను.

ఆయన చప్పట్లు కొట్టి క్షణంలో షార్ట్‌స్టాప్‌ని తీసుకున్నారు. "వై వుడ్ హీ డూ దట్?" అంది కూతురు, వాళ్ళ నాన్నతో. మిగతా ఆటగాళ్ళందరినీ సామ్యూల్ కాగితం ప్రకారమే తీశాను. అలా తీస్తే మొదటి తప్పు మాసిపోతుందేమోనని.

బిర్యానీ తిన్నాక, ప్లేటు కడుగుతూ మోహన్ గారిని వాళ్ళ కంపెనీలో ఉద్యోగానికి రెఫరల్ అడిగాను. "ఈ టర్మ్ మాకు హైరింగ్ ఫ్రీజ్ ఉంది, కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు. రెజ్యూమే మెయిల్ చెయ్యి, చూద్దాం" అన్నారు. తర్వాత, "నేను ఊరికే అన్నా. నిజంగా వదిలేస్తావనుకోలేదు. సామ్యూల్ అయితే వదిలేవాడు కాదు" అన్నారు. సింకులో నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, కట్టెయ్యడం కూడా మర్చిపోయాను.

మూడున్నరకి లైట్ రైల్ స్టేషన్‌కి నడుస్తుంటే సామ్యూల్ ఫోన్ చేశాడు. "దొరికాడా?"

"లేదురా. మనకంటే ముందే పోయాడు."

"అలాగా. సరేలే. తిన్నావా?" అన్నాడు.

కిచెనర్‌లో నాలుగూ పదికి బస్సు. ఎక్కి కూర్చున్నాక ఊరికే లీగ్ యాప్ తెరిచాను. డ్రాఫ్ట్ మొత్తం వరుసగా ఉంది: మూడో నంబరు మా టీమ్, పక్కనే హోమ్ రన్ల వాడు. నాలుగో నంబరు మోహన్ గారు, షార్ట్‌స్టాప్. లీగ్‌లో ఉన్న ఎవరికైనా అది కనిపిస్తుంది. జరుగుతున్నప్పుడే కనిపిస్తుంది. టీమ్ సామ్యూల్ పేరు మీదే ఉంది. బస్సులో ఎవరూ నా వంక చూడటం లేదు, అయినా నేను తల దించుకునే కూర్చున్నాను.

యూనియన్‌లో ఆరున్నర రైలు. పికరింగ్ దాటాక ధైర్యం చేసి ఫోన్ చేశాను. "సామ్యూల్, ఇందాక అబద్ధం చెప్పాను. వాడు మనకి దొరికేవాడే. మోహన్ గారి కోసం వదిలేశా. ఉద్యోగం ఇప్పిస్తారేమోనని."

"తెల్సు. ఒంటిగంటకి గోడౌన్ బాత్‌రూమ్‌లో నిలబడి ఫోన్‌లో చూస్తానే ఉన్నా."

"మరి దొరికాడా అని ఎందుకడిగావ్?"

"నువ్వు చెప్తావేమోనని."

క్షమించమని అడగనైనా లేదు. ఆ రోజు నేను ఎక్కిన బళ్ళన్నీ చెప్పిన టైంకే వచ్చాయి. ఎక్కడా దారి తప్పలేదు. వెళ్ళదలచినవాళ్ళు నిశ్చింతగా ఈ దారినే వెళ్ళవచ్చు. నేను మాత్రం ఇకమీదట ఇంకొకరి బదులు ఎక్కడికీ వెళ్ళకూడదనుకున్నాను. రైలు ఏజాక్స్ దాటింది, విట్బీ దాటింది. సామ్యూల్ ఇంకో మాట మాట్లాడలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు.