బాపు అరుపు విన్న మూడు గల్లీలు

దయ్యాలు, మహిమలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రుజువు లేనిది నమ్మే అలవాటు లేదు. అయినా ఇది రాస్తున్నాను, జరిగింది నాకే కాబట్టి.

మా బాపు, అంటే మా నాన్న, శామీర్‌పేట చెరువు చేపలు మోపెడ్ మీద పెట్టుకుని గుండ్లపోచంపల్లి కాలనీల్లో అమ్మేవాడు. మైకు కొనుక్కోమంటే కోపం. "నా గొంతుండంగ డబ్బా ఎందుకే?" అనేవాడు. ఆయన "కొర్రమీన్లూ" అని అరిస్తే మూడో అంతస్తులో కుక్కర్ విజిల్ కూడా వినపడేది కాదు.

ఆ గొంతు ఏడాదిలో మెల్లగా బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందని ఒక డాక్టర్ మందులిచ్చారు. తగ్గలేదు. గొంతు పైపొర నుంచి ముక్క తీసి పరీక్షిస్తే ఏమీ లేదని వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచుకున్నాం.

కానీ కొన్నాళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఇంకో ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ తీయించి, స్వరపేటికలోని మెత్తటి ఎముకలో గడ్డను చూపించారు. పైపొర కింద దాక్కుంది కాబట్టే మొదటిసారి దొరకలేదట. లోపలి నుంచి ముక్క తీసి చూస్తే క్యాన్సరే, చాలా అరుదైన రకం.

"మెల్లగా పెరిగే రకం. ఆ భాగం వరకే తీసేద్దాం. మాట మాత్రం మునుపటిలా ఉంటుందని చెప్పలేను," అన్నారు.

"పానముంటే సైగ జేసన్న అమ్ముత," అన్నాడు బాపు.

ఆపరేషన్ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళ్లారు. ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. తొమ్మిదీ పదికి మోగింది. రోజూ చేపలు కొనే టీచరమ్మ.

"ఏంది బిడ్డా, మీ బాపు ఇప్పుడే మా గేటు ముంగట అరిసిండు. గిన్నె వట్టుకొని వచ్చేసరికి లేడు."

పొరబడ్డారనుకున్నాను. పది నిమిషాలకు పక్క గల్లీ టైలర్ అదే మాట అడిగాడు. ఆ తర్వాత వాటర్ ట్యాంకు దగ్గరి అవ్వ. బాపు రోజూ తిరిగే వరసే అది. ఆపరేషన్ సంగతి వాళ్లెవరికీ చెప్పలేదు.

"గొంతు మంచిగైనట్టుందే. ఎన్కటి లెక్క మోగింది," అంది అవ్వ.

బాపు పోయాడనే అనుకున్నాను. తలుపు దగ్గరి నర్సును బతిమాలితే లోపల కనుక్కుని వచ్చి, "అంతా బాగానే జరుగుతోందమ్మా," అంది. కూలబడి, ఏడవాల్సింది పోయి నవ్వాను.

తర్వాత కాలనీలో విచారించాను. ఆ రోజు వేరే చేపలవాళ్లెవరూ రాలేదు. ముగ్గురి కాల్స్ ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నాయి.

రెండు వారాలకు డాక్టరమ్మ ఊపిరి ఆడేందుకు మెడలో పెట్టిన గొట్టం మీద వేలు పెట్టి మాట్లాడమన్నారు. అప్పుడే బాపుకు ఈ సంగతి చెప్పాను. ఆయన గరగరలాడే కొత్త గొంతుతో, "మరి చేపలియ్యకుంటనే పోయిన్నా?" అని అడిగాడు. డాక్టరమ్మ కూడా నవ్వేశారు.

ఇప్పుడు బాపు మేడ్చల్ రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని అమ్ముతున్నాడు. చెప్పినప్పుడల్లా స్కాన్‌కు వెళ్లొస్తున్నాడు. కోలుకోగానే మొదట చేసిన పని, ఆ మూడిళ్లకూ తలా ఒక కొర్రమీను ఇచ్చి రావడం.

వాళ్లు విన్నదేమిటో నేను చెప్పలేను. వినలేదని మాత్రం అనలేను.