కేకు గిన్నెలో చందువ

మొన్న ఇక్కడే రాయ్‌పూర్‌లో, శంకర్ నగర్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఓవెన్ టింగుమనగానే కంగారుగా లేచి నిలబడ్డాను. చేప బేక్ అయిపోయిందమ్మా, కూర్చో, అని అది నవ్వింది. దానికేం తెలుసు!

రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో మావారికి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి నుంచి రైల్వే క్వార్టర్‌కు తెచ్చాక ఆయన మాట మానేశారు, తిండీ మానేశారు. నూనె చుక్క తగలకూడదు, చేపైతే బేక్ చేసి పెట్టమని డాక్టరు చెప్పారు కానీ, వేపుడు లేనిదే ముద్ద దిగని మనిషి చిక్కి సగమైపోతుంటే, ఈయన నాకు దక్కుతారా అనిపించేది.

బేక్ అంటే నాకు తెలిసింది ఏటా క్రిస్మస్‌కు కేకు పిండి కలిపి వీధి చివర బేకరీకి పట్టుకెళ్లి కాల్పించుకోవడమే. ఆ అలవాటుతోనే, విశాఖ నుంచి ఐసులో వచ్చిన చందువ చేపకు కొత్తిమీర, పుదీనా, వెల్లుల్లి నూరి పట్టించి, నిమ్మరసం పిండి, అక్కడికే తీసుకెళ్లాను. కేక్ చలేగా దీదీ, మఛ్లీ నహీ, అంటూ చేప మాత్రం కుదరదని బేకరీ ఆయన రెండు చేతులూ జోడించాడు. రొట్టెలు కాల్చే చోటికి చేపను మోసుకెళ్లాను చూడండి, మతి ఉంటేగా!

ఇక ఇంట్లోనే, మన తరం వాళ్లు చెప్పుకునే పద్ధతిలో, కుక్కర్లో ఇసుక పోసి, విజిలు తీసేసి, అందులో పట్టే గిన్నె మరొకటి లేక కేకు గిన్నెలోనే చేపను పెట్టాను. మూత తీస్తే వేడి పోతుంది, తీయకపోతే మాడుతుందేమోనని భయం. పొయ్యి ముందే నిలబడి ప్రార్థన చేసుకుంటుంటే మాడు వాసన రానే వచ్చింది. ఇదీ పోయింది ప్రభువా అని మూత తీసేసరికి ఏడుపొచ్చేసింది.

అంతలో మావారు గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏటే, కేకు మాడ్చీసేవా? ఇంకా డిసెంబరు రాలేదు కదే!"

ఎన్నాళ్లకు విన్నానో ఆ వెటకారం! అక్కడే కూర్చుని, అడుగంటిన ముక్క కూడా గీకి పెట్టించుకుని తిన్నారు.

ఆ గిన్నె ఎంత తోమినా ఆ ఏడు క్రిస్మస్ కేకులో సన్నగా చేప వాసన. ఎవరికీ పంచలేక సిగ్గుతో చస్తుంటే, నాకోసం వండిన వాసనే కదే అంటూ, రోజుకో ముక్క ఆయనే తిన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఇప్పుడు ఓవెన్ తానే గంట కొడుతుంది, ఏదీ మాడదు, ఎవరూ కంగారు పడక్కర్లేదు. నేను మాత్రం ఆ గంట వినగానే గుమ్మం వైపు చూస్తాను. కాస్త మాడినా బాగుండుననిపిస్తుంది.