అరిగిన వైపు

రాజోలు పడవలో ఒక తృణమణి పూస పొట్టునంతా నా మీసాలదాకా ఎగరేసిందని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. నిజానికి లేచినవి రెండే రేకులు.

ఆ పూస నా ఎదురుగా కూర్చున్న ముసలావిడది. "మా అమ్మ జపమాలలో మిగిలింది ఇదొక్కటేనండి. అసలు తృణమణైతే రుద్దగానే గడ్డిపరకను లాగాలంట, ఇది లాగటం లేదు, నకిలీదన్నేరు కంసాలిగారు. గోదాట్లో వదిలేస్తానండి" అంది.

పూసను నా పట్టు కండువాకేసి రుద్ది, పడవలో రాలిన ధాన్యప్పొట్టు మీద పెట్టాను. ఏమీ కదలలేదు. "వదిలెయ్యండమ్మా" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"అది గరుకువైపు బాబూ. ఇటు అమ్మ వేలికి అరిగి నున్నబడింది. ఒక్కసారి ఇటు రుద్దండి."

రుద్దాను. రెండు రేకులు లేచి పూసకు అంటుకున్నాయి.

ఆ కిటుకు కనిపెట్టింది నేనేనని కూడా చెప్పుకున్నాను. ఆవిడ మాత్రం పూసను కొంగున ముడేసుకుని, గోదారికి వీపు పెట్టి కూర్చుంది.