ఎరువనుకున్న మాట

ఫాస్ఫేటు అన్న మాట ఎవరి నోట విన్నా సుందరలక్ష్మికి ఇప్పటికీ మిద్దె మెట్ల మీద ఎవరో నాలుగడుగులు వేసి ఆగినట్టుంటుంది. బద్వేలు బజారులో ఇరవై ఏళ్లు ఎరువుల అంగడి నడిపిన ఇంటి ఆడమనిషికి ఆ మాట కొత్తదేం కాదు. శెనక్కాయ విత్తే ముందు రైతులు అడిగి తీసుకుపోయే బస్తాల మీద రోజూ చూసిందే.

ఆమె పెనిమిటి సుబ్బన్న ఆ బస్తాను భుజానికెత్తుకుని ఒక్క ఊపులో మిద్దె ఎక్కేవాడు. అలాంటివాడు 2006 వచ్చేసరికి వట్టి చేతులతో నాలుగు మెట్లెక్కి ఆయాసపడేవాడు. బొజ్జ పెరిగింది, కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. సుఖం ఎక్కువైందిలే అని చుట్టాలు ఎగతాళి చేశారు. నీరసం తగ్గాలని సుందరలక్ష్మి పూటకో గ్లాసు నల్ల కూల్‌డ్రింకు పోసిచ్చేది. తాగగానే లేచి కూర్చునేవాడు. అది చూసి ఆమె ప్రాణం కుదుటపడేది.

కడపలో డాక్టరు రక్తపరీక్ష చేయించి, బీపీతో మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఫాస్ఫేటు పేరుకుపోతోందని, అది ఒంట్లోకి పోకుండా చూసుకోమని చెప్పాడు. బయట జనం కిటకిటలాడుతున్నారు, ఆయనకు విడమరిచే తీరిక లేదు. వీళ్లకు అడగాలనీ తోచలేదు. ఫాస్ఫేటు ఎక్కడుంటుందో ఎరువులమ్మేవాళ్లకు ఒకరు చెప్పాలా!

అంగట్లో ఎరువు దుమ్మే కారణమని తిరుగు బస్సులోనే తీర్మానం అయిపోయింది. మర్నాటినుంచి సుబ్బన్న ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు, రోజుకు రెండుసార్లు తలకు పోసుకున్నాడు. చివరికి తండ్రి పెట్టిన అంగడినే వదిలేసుకున్నాడు. ఆ రోజు మంచం మీద కూర్చుని ఏడ్చాడు. సుందరలక్ష్మి పక్కన కూర్చుని, గ్లాసు నిండా ఆ కూల్‌డ్రింకే పోసి తాగించింది.

ఏడాది తిరక్కుండానే మంచం పట్టాడు. మళ్లీ కడపకు పోతే, ఆసుపత్రిలో పథ్యం చెప్పే సుచరిత అనే అమ్మాయి ఆయన ఏం తింటాడో, ఏం తాగుతాడో ఒక్కొక్కటే అడిగింది. సుందరలక్ష్మి తన సేవంతా గర్వంగానే చెప్పుకుంది. ఆ పిల్ల రాయడం ఆపేసింది.

"ఎరువు దుమ్ము కాదమ్మా. నువ్వు పోసే ఆ నల్లనీళ్లలోనే ఫాస్ఫేటు ఉండాది."

ప్యాకెట్ తిండిలోనూ కలుపుతారని, మూత్రపిండాలు చెడితే అది బయటికి పోదని చెప్పింది. మోతాదు మించితే కండలో సత్తువ తగ్గి, కొవ్వు కరగకుండా పోతుందేమోనని పెద్ద చదువులవాళ్లు పరీక్షలు చేస్తున్నారని, బొజ్జకు చక్కెర కూడా తోడై ఉంటుందని అంది. జబ్బు నీవల్ల రాలేదమ్మా అని కూడా అంది. ఆ మాట మాత్రం సుందరలక్ష్మి చెవికెక్కలేదు.

ఇంటికొచ్చాక ఆయనకు చెప్పాలనుకుంది. అంగడి ఊరికే పోయిందని, పోసిన చెయ్యి తనదేనని ఏ నోటితో చెప్పేది? మిగిలిన సీసాలన్నీ పెరట్లో వంపేసి ఊరుకుంది.

మధ్యాహ్నం ఆయన ఒక్క గ్లాసు అడిగాడు. లేదంది. మర్నాడూ అడిగాడు, లేదంది. మూడోనాడు అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అంగడి పోగొట్టినానని నామీద కోపమా లక్ష్మీ?"

కాదని తల ఊపింది. ఎందుకివ్వడం లేదో మాత్రం చెప్పలేకపోయింది. ఆ వారంలోనే సుబ్బన్న పోయాడు.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో ఆమె ఆ ఖాళీ మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెబుతుంది. సగం చెప్పేలోగా ఆయన మళ్లీ అదే అడుగుతాడు, నామీద కోపమా లక్ష్మీ అని.