ఉన్నది ఉన్నట్టు

రోగుల గొంతులను వైర్‌లెస్ మైకుతో కొలిచే ఆ పరిశోధకురాలిని ఆసుపత్రిలో అందరూ గొంతులక్క అంటారు. పొద్దున్నే వచ్చి, సంచీ కొక్కేనికి తగిలించి, ముందుగా తనే మైకులో ఐదు సెకన్లు "ఆఁ..." అంటుంది. తెర మీద గీత నున్నగా వస్తే ఆ రోజుకి యంత్రం బాగున్నట్టే. ఆ తరవాతే రోగులను పిలుస్తుంది. ఎవరైనా బిడియపడి గొంతు సవరించుకోబోతే వేలు అడ్డంగా ఊపుతుంది. "సవరించుకోకండి బాబూ, ఉన్నది ఉన్నట్టు అనండి."

నెల రోజులుగా పొద్దుటి గీత వణుకుతోంది. రోగుల గీతలు ఎలాగూ వణుకుతాయి గనక వాటితో పోల్చి తేల్చుకునే వీల్లేదు. బ్యాటరీలు మార్చింది, యాంటెన్నా తిప్పింది, పక్కగది వైఫై డబ్బాను చెడామడా తిట్టింది. ఇవాళ విసుగెత్తి, గొంతు డాక్టరమ్మ చేత "ఆఁ..." అనిపించింది. గీత దారం లాగి కట్టినట్టు వచ్చింది. "యంత్రానికేం రోగం లేదక్కా" అంది డాక్టరమ్మ మెల్లగా. గొంతులక్క తలూపి, తన స్టూలు ఆమెకిచ్చి, మైకు పట్టుకుని రోగుల కుర్చీలో కూర్చుంది. నోరు తెరవబోతూ ఎందుకో బిడియపడి గొంతు సవరించుకోబోయింది.

డాక్టరమ్మ వేలు అడ్డంగా ఊపింది.